నేను చదవకుండా దాటేసిన మాట

ఇన్‌కం టాక్స్ ఆఫీసు అంటే బయటివాళ్లకు దాడులు, బీరువాలు, పరుపుల్లో కుక్కిన నోట్లు గుర్తొస్తాయి. మద్రాసులో ముప్ఫై ఏళ్లకు పైగా ఆ శాఖలో పనిచేసిన నేను చూసిన దాడులు రెండు చేతుల వేళ్లకు మించవు. మిగిలిన కాలమంతా కాగితాలు చదవడంతోనే గడిచింది. చదివిన కాగితం కింద నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టేవాళ్లం. ఆ నాలుగు వాక్యాలు ఎవరింటికి వెళ్తాయో, అక్కడ ఏం చేస్తాయో మాకు తెలిసేది కాదు. చాలామందికి తెలుసుకోవాలనీ ఉండేది కాదు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ల కోసం, అలా వెళ్లిన నా వాక్యం ఒకదాని కథ రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి ఇందులో రాయను. వాటివల్ల నేను నేర్చుకున్నది తక్కువ.

పేరు చూడొద్దు

అరవైలలో గుమాస్తాగా చేరి, పరీక్షలు రాసి ఇన్‌స్పెక్టరునయ్యాను. అప్పుడు నా పై అధికారి వరదరాజులు గారు. తాతల కాలం నుంచి మద్రాసులో ఉన్న తెలుగు కుటుంబం వాళ్లది. ఆఫీసులో అందరితో ఇంగ్లీషూ తమిళమూ మాట్లాడి, నన్ను తిట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం తెలుగులోకి వచ్చేవారు. అందువల్ల ఆయన తెలుగు నాకు బాగా గుర్తు.

మా దగ్గరికి వచ్చే చిక్కుల్లో విద్యార్థుల స్కాలర్‌షిప్పులు ఒకటి. చట్టం చూడ్డానికి తేలికే. చదువు ఖర్చు కోసం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. పని చేయించుకుని ఇచ్చిన డబ్బు మీద ఉంది. కానీ ఏది ఏదో తేల్చడం అంత తేలిక కాదు. ఒక కంపెనీ తన దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్లకు నెలనెలా ఇచ్చేదాన్ని స్కాలర్‌షిప్ అని రాసుకుంది. నేను అదే పేరు చూసి వదిలేశాను. వరదరాజులు గారు ఫైలు నా బల్ల మీద పడేశారు.

"వాళ్లు ఎన్ని గంటలకి లోపలికి పోతారు, ఎన్నింటికి బయటికొస్తారు, అడిగినావా?"

"లేదు సార్."

"రాకపోతే కోత ఉందా?"

"తెలియదు సార్."

"మరి ఏం చూసినావయ్యా? పేరు చూసినావు. పేరు ఎవురైనా పెట్టచ్చు. పోయి చూసిరా."

వెళ్లి చూశాను. ఎనిమిది గంటల పని, రాకపోతే కోత. అది జీతమే. ఆ పాఠం బాగానే ఒంటబట్టింది. అయితే దాన్ని నేను సగమే నేర్చుకున్నానని తర్వాత తెలిసింది. మంచి పేరు వెనక చెడ్డ పని ఉండవచ్చునని నేర్చుకున్నాను. అనుమానంగా కనిపించేదాని వెనక నిజం ఉండవచ్చునని నేర్చుకోలేదు.

సౌకార్‌పేట ధర్మం

ఆ అనుమానం ముదరడానికి కారణం సౌకార్‌పేటలో ఒక పప్పుల వ్యాపారి. వాళ్ల నాయన పేరున ఒక ధర్మ ట్రస్టు ఉండేది. కాలేజీ చదివే బీద విద్యార్థులకు ఏటా స్కాలర్‌షిప్పులు ఇస్తున్నట్టు లెక్క. ధర్మం గనక ట్రస్టు ఆదాయం మీద పన్ను లేదు. విద్యార్థుల పట్టిక పట్టుకుని, ఆ ఇరుకు వీధుల్లో బస్తాల మధ్య నడుస్తూ ఒక్కో చిరునామా వెతికాను. ఆరు తలుపు నంబర్లు ఉన్నాయి గానీ ఇల్లు ఒకటే. ముందు వాకిలికి ఒక నంబరు, సందు వైపు వాకిలికి ఒకటి, మేడమెట్లకు ఒకటి. లోపల ఉన్నదంతా ఆయన అన్నదమ్ముల పిల్లలు.

ఆయన ఏమాత్రం తొణకలేదు. మజ్జిగ తెప్పించి ఇచ్చాడు.

"చదువుకునే బిడ్డలకే కదా సార్ ఇచ్చినాం?"

"అందరూ మీ ఇంటి బిడ్డలే కదండీ."

"మా ఇంటి బిడ్డలు బిడ్డలు కాదా?"

దానికి జవాబు చట్టం దగ్గర ఉంది. ఆ ఏడు ట్రస్టుకు పన్ను మినహాయింపు పోయింది. వరదరాజులు గారు అందరి ముందు, "కాళ్లు అరగదీసి పని చేసినాడు, చూడండి," అన్నారు. ఆయన నోట మెచ్చుకోలు రావడం అరుదు. అది నాకు మంచి చేయలేదు. అప్పటినుంచి స్కాలర్‌షిప్ అన్న మాట కనబడితే చాలు, దాని వెనక ఒక సందు వాకిలి ఉంటుందని నా మనసు వెతకడం మొదలుపెట్టింది.

మునిరత్నం చీటీలు

డెబ్బైల మధ్యలో ఒక కొత్త రాయితీ వచ్చింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు తమ మీద ఆధారపడిన పిల్లల్నో, తోబుట్టువుల్నో కాలేజీలో చదివిస్తుంటే, ఆ ఖర్చు కింద కొంత మొత్తం ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. అది ఎక్కువ కాలం నిలవలేదు. ఇప్పటివాళ్లు దాని పేరు కూడా విని ఉండరు. అప్పటికి నేను ఆఫీసరునై, జీతగాళ్ల రిటర్నులు చూసే వార్డులో ఉన్నాను.

మునిరత్నం చింతాద్రిపేటలో ఉండేవాడు. అక్కడే ఒక అచ్చాఫీసులో ఫోర్‌మన్. తండ్రి లేడు, తల్లి ఉంది. చెల్లెలు సుగుణ పశువైద్యం రెండో సంవత్సరం చదువుతోంది. అతని జీతంలో పన్ను ముందే కోసేశారు. చెల్లెలి చదువు రాయితీ కింద కొంత వెనక్కి వస్తుందని ఎవరో చెబితే రిటర్ను వేశాడు.

పిలిపించాను. ముప్ఫై దాటిన మనిషి, గోళ్ల సందుల్లో సిరా. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీ చెల్లెలికి స్కాలర్‌షిప్ వస్తోందా?"

"వస్తుంది సార్. సౌకార్‌పేటలో ఒక ట్రస్టోళ్లు ఇస్తారు."

సౌకార్‌పేట, ట్రస్టు, స్కాలర్‌షిప్. మూడు మాటలూ ఒక్కసారే వినబడేసరికి నా నిర్ణయం సగం అయిపోయింది. ఆ ట్రస్టు వేరే, మనుషులు వేరే. పద్ధతిగా నడిచే సంస్థే. అది తెలుసుకునే ఓపిక నాకు లేకపోయింది.

"ఫీజులు వాళ్లు కడుతుంటే నువ్వు కట్టేదేమిటి?"

"ఫీజు ఒకటే వాళ్లది సార్. పుస్తకాలు, కోసి చూసే సామాన్లు, పరీక్ష ఫీజు, బస్సు, బట్ట, కూడు... అన్నీ నేనే కదా. ఆ పిల్లకి నేను తప్ప ఎవురుండారు?"

"రసీదులు?"

ఒక కవరు ఇచ్చాడు. పరీక్ష ఫీజుకు మాత్రం రసీదు ఉంది. పుస్తకాలకు లేవు. అన్నీ మూర్ మార్కెట్లో పాత పుస్తకాల అంగళ్లలో కొన్నవి. వాళ్లు రసీదులు ఇవ్వరు. అందుకని తనే అచ్చాఫీసు కత్తిరింపు కాగితాల మీద, గుండ్రటి అక్షరాలతో పుస్తకం పేరు, కొన్న రోజు, ఇచ్చిన వెల రాసి పెట్టుకున్నాడు. అన్ని చీటీలూ ఒకే చేతిరాత. వాటిని నేను పూర్తిగా చదవలేదు. తిరగేసి పక్కన పెట్టాను.

ఆర్డరులో రెండు సంగతులు రాశాను. స్కాలర్‌షిప్ వస్తోంది గనక చెల్లెలు ఇతని మీద ఆధారపడిన మనిషి కాదు. పుస్తకాల ఖర్చుకు సొంతంగా తయారు చేసుకున్న చీటీలు చూపించాడు, కనుక ఈ క్లెయిము నిజం కాదు.

"చెల్లదు" అని రాసి ఉంటే సరిపోయేది. అది చట్టం మాట. "నిజం కాదు" అన్నది మనిషి మీద మాట. రాసేటప్పుడు రెండూ ఒకటే అనిపించాయి. ఆ పూటే అలాంటివి ఇంకో పది ఆర్డర్ల మీద సంతకాలు పెట్టాను.

సుగుణ అడిగిన ప్రశ్న

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఒక అమ్మాయి నా గదిలోకి వచ్చింది. పందొమ్మిది, ఇరవై ఏళ్లుంటాయి. కాలేజీ పుస్తకాలు చంకలో ఉన్నాయి. నా ఆర్డరు కాపీ బల్ల మీద పెట్టింది.

"మా అన్న మునిరత్నం సార్. అబద్దం చెప్పినాడని రాసినారు. ఏది అబద్దమో చూపిస్తారా?"

మామూలుగా అయితే అన్ననే రమ్మని పంపించేసేవాణ్ణి. కానీ ఆమె గొంతులో పోట్లాట లేదు. నిజంగానే తెలుసుకోవడానికి వచ్చిన గొంతు అది. కూర్చోమని, ఏం జరిగిందని అడిగాను.

ఆర్డరు ఇంటికి వచ్చినప్పుడు అన్నకు ఇంగ్లీషు సరిగ్గా అర్థంకాక ఆమె చేతికిచ్చాడట. తల్లి ముందు ఆమే చదివి అర్థం చెప్పింది. పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఎందుకంటే, ఆ పుస్తకాలన్నీ ఊరికే వచ్చాయని అన్న ఎప్పుడూ చెప్పేవాడు. అచ్చాఫీసుకు వచ్చే ఒక ప్రొఫెసరు పాతవి పారేస్తుంటే తెచ్చాననేవాడు. అలాంటిది, వాటికి డబ్బు పెట్టానని సర్కారుకు రాసిచ్చాడు. సర్కారు అది నిజం కాదంది.

"నా పేరు చెప్పి దొంగలెక్క రాసినాడనుకున్నా సార్. ఆ పొద్దుటినుంచి అన్నతో మాట్లాడలా. ట్రస్టోళ్లకి కూడా జాబు రాసేసినా. మా ఇంట్లో నా చదువు పేరుతో తప్పు జరిగింది, నాకు స్కాలర్‌షిప్పు వద్దు అని. వాళ్లు దాన్ని ఇంకొకరికి ఇచ్చేసినారు."

ఆ మాట విన్నప్పుడు కూడా నాకు నా ఆర్డరు మీద అనుమానం రాలేదు. పిల్ల తొందరపడిందనుకున్నాను. ఫైలు తెప్పించి చీటీలు ఆమె ముందు పెట్టాను.

ఆమె ఒక్కొక్కటే చదివింది. నేను చదవని తీరులో చదివింది. ఒక చీటీ దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత నేనూ చూశాను. ‘చివర పేజీలు చిరిగినాయి, బేరమాడితే రెండు రూపాయలు తగ్గించినాడు’ అని ఉంది.

"ఈ పుస్తకం మా ఇంట్లో ఉంది సార్. చివర పేజీలు లేవు," అంది. తర్వాత, "అబద్దం నాకు చెప్పినాడా, మీకు చెప్పినాడా?" అంది.

"అది మీ ఇంటి విషయమమ్మా. పుస్తకాలు కొన్నా సరే, నీకు స్కాలర్‌షిప్ వస్తోంది గనక ఈ రాయితీ రాదు. చట్టంలోనే ఉంది," అన్నాను. నమ్మకం కుదరడానికి చట్టం పుస్తకం తీసి, ఆ సెక్షన్ వేలు పెట్టి చూపిస్తూ ఒక్కో మాటా చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

"తన మీద పూర్తిగా ఆధారపడిన..." అన్నాను. నా వేలు తర్వాతి మాట మీదికి వెళ్లింది. ‘గానీ, ప్రధానంగా గానీ’ అని ఉంది.

పూర్తిగా గానీ, ప్రధానంగా గానీ ఆధారపడిన తోబుట్టువు. ఫీజు ట్రస్టు కట్టినా, తిండి, బట్ట, పుస్తకాలు అన్నవైతే ఆ పిల్ల ప్రధానంగా అతని మీద ఆధారపడ్డట్టే. ఆ వాక్యం నేను అంతకుముందు ఎన్నోసార్లు చదివాను. మునిరత్నం ఆర్డరు రాసే ముందు కూడా చదివాను. ఆ రెండో మాట మీదుగా ప్రతిసారీ దాటిపోయాను.

అప్పుడు నేను చేసిన పని ఇది. చదవడం ఆపి, పుస్తకం మూసి, "ఏమైనా అప్పీలుకు ముప్ఫై రోజులే గడువు. అది దాటిపోయింది," అన్నాను. అది నిజమే. నిజమైన మాటను అడ్డం పెట్టుకుని దాక్కోవడం మా ఉద్యోగంలో ఎంత తేలికో ఆ రోజు నా అంతట నాకే తెలిసింది.

ఆమె ఆర్డరు కాపీ మడిచి పుస్తకంలో పెట్టుకుని, నమస్కారం చేసి వెళ్లిపోయింది.

నా ఆర్డరు మీద నా పిటిషన్

కొన్ని రోజులు ఆ ఫైలు నా బల్ల మీదే ఉంది. నేను రాసిన ఆర్డరును నేనే మార్చలేను. కూడికలో పొరపాటైతే దిద్దవచ్చు, ఇది అలాంటిది కాదు. దారి ఒక్కటే ఉంది. మునిరత్నం కమిషనరుకు రివిజన్ పిటిషన్ పెట్టుకోవాలి. దానికి ఏడాది గడువుంది. ఆ సంగతి నేను సుగుణకు చెప్పలేదు. అడగలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. చివరికి ఒక శనివారం మైలాపూరులో మా ఇంటి దగ్గర బస్సెక్కి చింతాద్రిపేటలో దిగి, అచ్చాఫీసు వెతుక్కుంటూ వెళ్లాను.

మునిరత్నం నన్ను చూసి కంగారుపడ్డాడు. ఇంకేదో నోటీసు తెచ్చాననుకున్నాడు.

"నేను రాసిన ఆర్డరు తప్పు. పై అధికారికి పిటిషన్ పెట్టుకో. సరిదిద్దుతారు," అన్నాను.

అతను కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఆ రూపాయలు పోతే పోనీండి సార్. ట్రస్టోళ్లకి చూపించను ఒక కాయితం గావాల. వచ్చే ఏడన్నా ఆ పిల్లకి ఇస్తారు. ఈ ఏడు ఫీజుకి ఆదివారాలు పెళ్లి పత్రికల పని పట్టుకున్నాలే, పర్వాలే," అన్నాడు. తర్వాత, "అయితే పిటిషన్ ఎవురు రాస్తారు? నాకు ఇంగ్లీషు అచ్చు కూర్చడం వచ్చు, రాయడం రాదు," అన్నాడు.

ఆఫీసరు తన ఆర్డరు మీద ఎదుటి పార్టీకి పిటిషన్ రాసివ్వకూడదు. అందులో సందేహం ఏమీ లేదు. వకీలు దగ్గరికి వెళ్లమని చెప్పాలి. వకీలు ఫీజు అతనికి తిరిగి రావలసిన దానికంటే ఎక్కువ. అక్కడే ఒక బల్ల దగ్గర కూర్చుని, ప్రూఫు కాగితాల వెనక రాసిచ్చాను.

దాన్ని అతను మంచి కాగితం మీద, అంచు గీతలతో సహా అచ్చు వేసి పంపాడు. కమిషనరు ఆఫీసు దాన్ని నా నివేదిక కోసం వరదరాజులు గారి ద్వారా పంపింది. ఆయన అప్పటికి మా మీద పర్యవేక్షణ అధికారి. నేను రాసిన పిటిషన్ మీద నేనే నివేదిక రాయాల్సి వచ్చింది. రాసి పంపాను. మర్నాడు పిలిపించారు. బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కన ఉన్నాయి.

"పెళ్లి పత్రిక మాదిరి ఉందే పిటిషన్," అన్నారు.

"అచ్చాఫీసులో పనిచేస్తాడు సార్."

"అచ్చు ఆయనది. ఇంగ్లీషు ఎవరిది? ‘పై కారణముల సముదాయము చేత’ అని ఇంగ్లీషులో రాసేవాడు ఈ ఆఫీసులో ఒకడే. నేను పదేండ్లుగా కొట్టేస్తానే ఉండా, వాడు రాస్తానే ఉండాడు."

నేను బల్ల మీది కాగితాల వైపు చూశాను.

"ఆఫీసరు పార్టీకి పిటిషన్ రాసియ్యకూడదు. తెల్సా?"

"తెలుసు సార్."

"నాకు తెలీదు. నువ్వు చెప్పలా, నేను అడగలా. సరి, ఇప్పుడు ఇది చూడు." నా నివేదిక ముందుకు తోశారు. "పిటిషన్ బాగుంది. రిపోర్టు బాలేదు. ఆ దినం ఆధారాలు సరిగా లేవు, పని ఒత్తిడి, రెండు విధాలా అర్థం చేసుకోవచ్చు... ఇవన్నీ ఏమిటికి? పిటిషన్లో ఒక మనిషి తనకి జరిగింది చెప్పినాడు. రిపోర్టులో ఒక ఆఫీసరు తనని కాపాడుకుంటా ఉండాడు. తీసుకపోయి మళ్లీ రాయి."

మళ్లీ రాశాను. మూడు వాక్యాలు వచ్చాయి. చట్టంలో ‘ప్రధానంగా’ అన్న మాట ఉంది. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పిటిషన్‌ను ఒప్పుకోవచ్చు. నా సర్వీసులో నేను రాసిన నివేదికల్లో అంత చిన్నది మరొకటి లేదు.

చింతాద్రిపేట ఇంట్లో

పిటిషన్ ఒప్పుకున్నారు. పన్ను కొంత వెనక్కి వచ్చింది. చిన్న మొత్తమే. ట్రస్టువాళ్లు కాగితం చూసి, ఆ ఏడు ఇవ్వలేమని, మరుసటి ఏడు ఇస్తామని చెప్పారు. మాట నిలబెట్టుకున్నారు. ఆ ఒక్క ఏడూ మునిరత్నం ఆదివారం లేకుండా పనిచేశాడు. అది నేను తిరిగి ఇప్పించలేకపోయాను.

ఆర్డరు కాపీ పట్టుకుని అతను ఆఫీసుకు వచ్చాడు. "దీంట్లో నేను అబద్దం చెప్పలేదని ఏడ ఉంది సార్?" అని అడిగాడు. లేదు. మా ఆర్డర్లలో అలా రాయరు. ‘క్లెయిము అంగీకరించబడినది’ అని మాత్రమే రాస్తారు. మనిషి మీద మాట వేయడానికి మా దగ్గర వాక్యం ఉంది గానీ, తీయడానికి లేదు.

"అయితే మీరు ఒకసారి ఇంటికొచ్చి నోటితో చెప్పండి. మా అమ్మ, చెల్లెలు వింటారు," అన్నాడు.

వెళ్లాను. కూవం ఏటి మురుగు వాసన వచ్చే సందులో రెండు గదుల ఇల్లు. తల్లి చాప వేసింది. సుగుణ తలుపు దగ్గర నిలబడింది. నేను చెప్పాల్సింది చెప్పాను. మునిరత్నం రాసిందంతా నిజం. తప్పు నాది. తల్లి, "మా వాడు అట్టాంటోడు కాదని నాకు తెల్సులేయ్యా," అని కాఫీ కలపడానికి లోపలికి వెళ్లింది.

అంతటితో లేచి రావచ్చు. కానీ సుగుణ నా వైపే చూస్తోంది. "ఇంకొకటి ఉందమ్మా. ఆ రోజు నీ ముందు పుస్తకం చదువుతున్నప్పుడే నా తప్పు నాకు తెలిసింది. నీకు చెప్పలేదు," అన్నాను.

"నాకు తెల్సు సార్," అంది.

మునిరత్నం తలెత్తి చెల్లెల్ని చూశాడు.

"నేను ఎదురుగా కూచోని తలకిందులుగా చదువుతానే ఉండా. మీ వేలు నిలిచిపోయిన కాడ నేనూ ఆ మాట చూసినా. చీటీలు చూసినప్పుడు అన్న సంగతి తెల్సింది. అబద్దం నాకే చెప్పినాడు, మీకు కాదు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి అన్నకి కూడు పెట్టినా. మీరు పుస్తకం మూసినప్పుడు మీ సంగతి తెల్సింది."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడిగుంటే ఏదో ఒకటి చెప్పుంటారు కదా సార్. మీకై మీరు వస్తారా రారా అని చూసినా. వచ్చినారు."

తల్లి కాఫీ తెచ్చింది. తాగి వచ్చేశాను. రావడానికి నాకు ఎన్ని రోజులు పట్టిందో ఆ పిల్ల అడగలేదు. నేనూ చెప్పలేదు. పుస్తకం మూసిన మధ్యాహ్నానికీ, అచ్చాఫీసు మెట్లెక్కిన శనివారానికీ మధ్య పందొమ్మిది రోజులు.